గంగాళంలో పోసిన కూల్‌డ్రింకులు

నాన్న లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన రోజు మధ్యాహ్నం, షెడ్డువాళ్ళు పదిహేనుమంది మా క్వార్టరుకు వస్తామన్నారు. మే నెల ఎండలో టీ ఎవరు తాగుతారని నాన్న ముందురోజే ఒక క్రేటు కూల్‌డ్రింకులు తెప్పించాడు. పొద్దున్నే సిర్గిట్టిలోని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, గోనెసంచిలో చుట్టిన ఐసుదిమ్మను సైకిలు వెనక కట్టుకొచ్చాడు.

నేనప్పుడు కెమిస్ట్రీతో బీయస్సీ చదువుతున్నాను. సీసాలు ఐసులో పెట్టి, మనుషులు వచ్చాకే మూతలు తీద్దామని అమ్మకు రెండుసార్లు చెప్పాను. స్నానం చేసి వచ్చేసరికి అమ్మ అన్ని సీసాలూ తీసి, ఐసుముక్కలు వేసిన గంగాళంలో కుమ్మరించేసింది. అది బుసబుసమని పొంగుతోంది.

"ఏటమ్మా ఈ పని? గ్యాసంతా పోతంది."

"ఓపెనరు ఒక్కటే ఉంది. అందరూ వచ్చినాక నానెన్నని తియ్యను? అయినా గాలి తాగుతారేటి? నీరు కదా తాగుతారు."

మూత బిగించి ఉన్నంతసేపే ఆ గ్యాసు ఒత్తిడికి నీళ్ళలో కరిగి ఉంటుందనీ, మూత తీసి ఐసుముక్కల గరుకు మీద పోస్తే బుడగలు కట్టి లేచిపోతుందనీ వివరించాను. అమ్మ అంతా విని, "అచ్ఛా, మూతే కదా" అంటూ గంగాళం మీద పళ్ళెం బోర్లించింది.

గంట తర్వాత నాన్న ఒక గ్లాసు రుచి చూసి ముఖం ముడిచాడు. పంచదార నీళ్ళు. పక్క క్వార్టరు ఆంటీ పిట్టగోడ మీంచి హిందీలో, మీఠా సోడా వేస్తే గ్యాసు మళ్ళీ వస్తుందని సలహా ఇచ్చింది.

"అది వంటసోడా నాన్నా. పులుపు విరిగి సబ్బునీళ్ళలా అయిపోద్ది."

"ముప్పై ఏళ్ళు ఆవిరి ఇంజన్లతో పని సేసినోణ్ణి. గ్యాసు సంగతి నాకు నువ్వు సెప్పాలేటే?"

గుప్పెడు వేశాడు. గోధుమరంగు నురగ గంగాళం అంచు దాటి గచ్చు మీదుగా గుమ్మందాకా పారింది. సరిగ్గా అప్పుడే షెడ్డువాళ్ళు పూలదండతో వచ్చారు. నురగ చూసి అందరూ సంబరపడ్డారు. నాన్న గర్వంగా గ్లాసులు నింపి తానే అందించాడు.

మొదటి గుక్కకే ఫోర్‌మన్ నోట్లో ఉన్నది ఎటు ఉమ్మాలో తెలియక మింగేశాడు. ఒక ముసలి ఖలాసీ మాత్రం పూర్తిగా తాగి, మర్యాదగా అడిగాడు: "యే దవాయీ హై క్యా, భాయీ?" ఇదేమైనా మందా అని.

చివరికి అమ్మ టీ పెట్టింది. అందరూ రెండేసి కప్పులు తాగారు.

వాళ్ళు వెళ్ళాక నేను బంకబంకగా ఉన్న గచ్చు కడుగుతుంటే, నాన్న దండ తీయకుండానే వచ్చి పక్కన పీట వేసుకుని, అసలు తప్పెక్కడ జరిగిందని అడిగాడు. మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు.

"ఇంత తెలిసినదానివి," అన్నాడు బాధగా, "ముందే ఒక మాట సెప్పొచ్చు కదే."