అవతలి ముఖం కనిపించే గుడ్డ

పోయిన బుధవారం పొద్దున్నే కాక కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు. చాయ్ పెట్టి లేపుదామని పోయిన. లేవలే" అంది. నేను అత్తవారిల్లున్న హోట్గి రోడ్డు నుంచి ఆటోలో మా పుట్టింటి దాజీ పేట్ చేరేసరికి వాకిట్లో పాడె కట్టడం మొదలైంది. సాంచాలు, అంటే మా వాళ్ల భాషలో కరెంటు మగ్గాలు, గల్లీ మొత్తంలో ఆ పూట ఆపేశారు. వాటి చప్పుడుకు చెవులు పోయాయని కాక రోజూ తిట్టుకునేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. గోడ అవతలి మనిషి. నేనూ మా అమ్మా గడపలో కూర్చుని బీడీలు చుడుతుంటే, అవతల ఆయన చేతిమగ్గం ఆడుతూ ఉండేది. పేటలో తెలుగువాళ్లకూ మరాఠీవాళ్లకూ ఆయన కాకే. ఎన్నడూ తుపాకి ముట్టలేదు, సరిహద్దు చూడలేదు. అయినా నేనెరిగిన మనుషుల్లో యుద్ధం ఎవరినైనా నిలువునా తినేసిందంటే అది ఆయన్నే. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం వలసొచ్చిన ఈ మరాఠీ రాష్ట్రంలో సాతారా, కొల్హాపూర్ వైపు వెళితే ఇంటికో సిపాయి ఉన్న ఊళ్లు కనిపిస్తాయి. ఊరి మొదట్లోనే రాయి, రాయి మీద పోయినవాళ్ల పేర్లు. మా పేటలో అలాంటి రాయి లేదు. మేం గుడ్డ నేసినవాళ్లం. "గోరాల జంగుల, గా తెల్లోళ్ల లడాయిల, నూలు దొరకక మా తాత మగ్గం అటకెక్కించిండు. రజాకార్ల జమానాల మా బాపు ఊరిడిసి ఈడికొచ్చిండు. చైనా లడాయికి ఈడ కూసొని చద్దర్లు నేసిండు" అని కాక వరసగా చెప్పుకొచ్చేవాడు. "రేడియోల చెప్పకముందే మాకు మాలూమైతుండె బిడ్డా. మేస్త్రి తెచ్చే ఆర్డరు మారుతుండె గదా."

చిన్నప్పుడు నాకు అర్థం కానిది ఒకటుండేది. కాక రోజంతా కూలికి తువ్వాళ్లు నేసేవాడు. సాయంత్రం మాత్రం మూలనున్న చిన్న మగ్గం మీద జానెడు పలుచటి గుడ్డ నేసేవాడు. అది ఎవరూ కొనరు. చుట్టుపక్కల ఇళ్లన్నింట్లో చాయ్ వడపోసింది, పచ్చడి జాడీలకు మూతి కట్టింది ఆ గుడ్డతోనే. నేయగానే దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని నన్ను పిలిచేవాడు.

"బిడ్డా, నా మొకం కనవడ్తుందా?"

"కనవడ్తుంది కాక. మీసాలు గూడ."

"బరా" అని, బాగుంది అన్నట్టు మరాఠీలో అనేసి నవ్వేవాడు. పెద్దాయనకు ఇదో ఆట అనుకున్నాను. అంత తెలివి నాది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నన్ను పిలిచి, మరాఠీలో ఉత్తరం రాసిపెట్టమన్నాడు. ఎవరికి అంటే ఫౌజుకు, అంటే సైన్యానికి, అన్నాడు. ఏమని రాయాలి అంటే, మగ్గం ఆపి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పాడు.

డెబ్బై ఒకటిలో ఆయనకు ఇరవై ఏళ్లు. అన్న అప్పటికే ఫౌజులో ఉన్నాడు. యుద్ధం ఇంకా రాలేదు. ఆ వానాకాలం మేస్త్రి బ్యాండేజీ గుడ్డకు ఆర్డరు తెచ్చాడు. ఆ గుడ్డను పోగుకూ పోగుకూ మధ్య సందు ఉండేలా నేయాలి. ఎత్తి పడితే అవతలి మనిషి ముఖం కనిపించాలి. అప్పుడే అది నెత్తురు పీలుస్తుంది, గాయానికి అంటుకుని కూర్చుంటుంది. కానీ కాకకు వాళ్ల బాపు నేర్పిన పని వేరు. పలుచగా నేసేవాడు దొంగ అని చెవి మెలేసి నేర్పాడాయన.

"మా అన్న ఉన్న ఫౌజుకు గంత పలుచటి గుడ్డ పంపుడేంది అనుకున్న బిడ్డా. అన్నకు పంపే గుడ్డ గట్టిగుండాలె అనుకున్న. పేక, గా అడ్డం పోగు, గుద్ది గుద్ది నేసిన. నాలుగు తాన్లు. చేతులు బొబ్బలెక్కినయ్."

తీసుకెళ్లడానికి వచ్చిన మేస్త్రి ఒక తాను విప్పి ఎత్తి చూసి నెత్తి కొట్టుకున్నాడట. "పాతళ్ పాయిజే రే! పలుచగుండాలెరా, ఇది గాయానికి కట్టేదా, గోనెసంచి కుట్టేదా?" అని తిట్టాడు. అప్పటికే వీధి చివర లారీ ఆగి ఉంది. ఆ నాలుగు తాన్లనూ మంచి తాన్ల మధ్య దోపి పంపించేశాడు.

చలికాలంలో యుద్ధం వచ్చింది. అన్న తిరిగి రాలేదు. కొన్నాళ్లకు అన్నతో పనిచేసిన సిపాయి ఒకతను ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అన్న తొడకు దెబ్బ తగిలిందని చెప్పాడు. పట్టీ మీద పట్టీ కట్టినా నెత్తురు ఆగలేదని, లేకపోతే బతికేవాడని చెప్పాడు. పాపం, ఓదార్చడానికే చెప్పాడు. చెప్పి, చాయ్ తాగి, వెళ్లిపోయాడు.

ఆ నాలుగు తాన్లు ఎక్కడికి వెళ్లాయి? కాకకు కావలసింది అదొక్కటే. గోదాములోనే తీసి పారేశారా, ఏ ఆసుపత్రికో పంపారా, అన్న ఉన్న చోటికే చేరాయా. నేను ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కాలేజీలో ఉండగా రాశాను, పెళ్లై హోట్గి రోడ్డుకు వెళ్లాక కూడా రాశాను. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు రాయమంది. ఆ ఇంకో ఆఫీసు ఏమీ అనలేదు. అన్నేళ్ల కిందటి నాలుగు తాన్ల గుడ్డకు జవాబు ఎవరి దగ్గర ఉంటుంది? నాకు మొదటి ఉత్తరంతోనే తెలుసు. ఆయనకూ తెలుసనుకుంటాను. అయినా నేను పేటకు వచ్చినప్పుడల్లా గడపలో నిలబడి, "ఏమన్న ఖబరొచ్చిందా బిడ్డా?" అని అడిగేవాడు.

ఒకసారి నేను తట్టుకోలేకపోయాను. జిరాక్సు షాపులో కూర్చుని మరాఠీలో ఒక జవాబు టైపు చేయించాను. ఆ నాలుగు తాన్లు పరీక్షలో పనికిరానివని తేలాయి, గోదాము దాటలేదు అని. తీసుకెళ్లి చదివి వినిపించాను. కాక కళ్లు మూసుకుని విన్నాడు. ఆ కాగితాన్ని అడిగి తీసుకుని, తువ్వాలు అంచు తడిమి చూసినట్టు నాలుగు మూలలా తడిమాడు.

"సర్కారోళ్లు ఒక్క ముద్ర ఎయ్యకుంట రాస్తరా?"

నేను కాగితం కోసం చెయ్యి చాచాను.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. అన్నం తిన్నవా అంటే తిన్న అని అబద్ధం చెప్పు, ఏం గాదు. గుడ్డ సంగతి మాత్రం నాకు అబద్ధం చెప్పకు."

కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. సిగ్గు అబద్ధమాడినందుకు కాదు, ముద్ర మరిచిపోయినందుకు. ఒక ముద్ర వేయించి ఉంటే ఆయన నాలుగు రోజులు నిద్రపోయి ఉండేవాడు.

ఈ మధ్య సరిహద్దులో మళ్లీ కాల్పులు మొదలైనప్పుడు ఆయన్ను కుంఠా నాకా దగ్గర కంటి డాక్టరుకు చూపించి తీసుకొస్తున్నాను. చాయ్ హోటల్లో టీవీ ముందు జనం. ఎవరో టపాకాయలు కాలుస్తున్నారు. కాక నా చెయ్యి పట్టుకుని ఆగాడు.

"బ్యాండేజీ గుడ్డ ఎక్కడ నేపిస్తున్నరు బిడ్డా?"

"ఇప్పుడన్నీ మిషన్లే కాక. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీల చేస్తరు. చేతులతోని ఎవ్వరు నెయ్యరు."

"మిషన్‌కు అన్న ఉండడు. మంచిదే" అన్నాడు. యుద్ధం మీద అంతకంటే సూటి మాట నేను ఏ టీవీలోనూ వినలేదు. అయినా ఏం లాభం, టపాకాయలు చీకటి పడేదాకా పేలుతూనే ఉన్నాయి.

దహనం అయ్యాక అందరూ స్నానాలకు వెళ్లారు. కాక కూతురు నన్ను లోపలికి పిలిచింది. చిన్న మగ్గం మీద ఆయన చివరిగా నేసిన గుడ్డ ఇంకా బిగించే ఉంది.

"ఆఖరి రెండు దినాలు జరంతోనే కూసున్నడక్కా. వద్దంటే ఇనలే. అన్న ఫౌజుల ఉన్నడు, ఆయనకు పంపాలె, లారీ వొస్తది అనుకుంట నేసిండు. ఇది ఏం జేద్దాం?"

కత్తెర తీసుకుని కోశాం. మూరెడు ఉంది. ఆమె ఒక అంచు, నేనొక అంచు పట్టుకుని కిటికీ దగ్గర మా ఇద్దరి మధ్య ఎత్తి పట్టుకున్నాం. మొదటి జానెడు ఎప్పటిలాగే పలుచగా ఉంది. అక్కణ్ణించి పేక దగ్గరపడుతూ వచ్చింది. చివరికొచ్చేసరికి ఒక్క సందు లేదు. గుద్ది గుద్ది నేశాడు. ఇంత మంచి గుడ్డ ఈ పేటలో ఎవరూ నేయలేరు.

ఆమె అవతల నిలబడే ఉంది. ఏడుస్తున్నదో లేదో నాకు కనిపించలేదు.