మా ఆయన సమాధి పక్కన ఎర్ర రాయి

సమాధుల పండుగ వస్తోందని ఈ రోజు మా ఆయన సమాధికి సున్నం వేయడానికి వెళ్ళాను. పక్కనే ఎర్ర రంగు పూసిన రాయి పాతి ఉంది. ఎవరో చేతబడి చేశారని హడలిపోయి, ప్రార్థన చేసుకుని, ఆ రాయికీ సున్నం పూసేశాను. అంతలో సర్వే మనిషి పరిగెత్తుకొచ్చాడు.

“మామ్మగారూ, అది రైలు లైను గుర్తండీ! చెరిపేశారేంటి?”

“రైలు మా ఆయన మీంచి పోద్దా?”

“ఇంకా ఖాయం కాలేదండీ, ఊరికే సర్వే.”

“ఖాయం కాకుండానే పాతేశావేంటి?”

ఎంత అరిచినా వినలేదు. అతను మళ్ళీ ఎరుపు పూసి వెళ్ళిపోయాడు. చేతబడి అయితే ప్రార్థనకైనా పోయేదేమో.

మా తిరువూరుకు రైలు రావాలని బతికినన్నాళ్ళూ కలవరించింది మా ఆయనే. రైలు వద్దనను. కాస్త పక్కగా పొమ్మని ఎవరిని అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి. మీరు రాసింది మనవరాలు చదివి వినిపిస్తుంది, ఈ రాత్రి నేను మెలకువగానే ఉంటాను.