తలుపు ఎందుకు తెరుచుకుంది

ప్రశ్నలు అడగందే మా పిన్ని స్క్రూడ్రైవర్ ముట్టదు. కార్ల కరెంటు పనుల్లో ఆమెకు మంచి పేరుంది. అయితే ఆమె షెడ్డుకి వచ్చినవాళ్లు పోలీసులే నయమనుకుంటూ వెళ్లేవారు.

ఒకసారి ఒక డాక్టరు వచ్చాడు. తలుపు అద్దం దిగడం లేదట.

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"తలుపు విసురుగా వేశారా?"

"కొంచెం."

"ఎవరి మీద కోపం?"

డాక్టరు తల దించుకుని, "మా ఆవిడ మీద" అన్నాడు. తలుపు సందులోని రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంది.

ఇంట్లోనూ ఇదే వరస. బాబాయి తలనొప్పి అంటే, పిన్ని ప్రశ్నలు పూర్తయి మాత్ర చేతికొచ్చేసరికి నొప్పి దానంతటదే తగ్గిపోయేది.

నేను ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకావిడ, ఎనిమిదేళ్ల కూతురితో వ్యాను తెచ్చింది. మీట నొక్కితే పక్కకు జరిగే తలుపు దానికి. మూసుకుంటూ మూసుకుంటూ మళ్లీ తెరుచుకుంటోందట. రెండు చోట్ల చూపించినా లాభం లేకపోయిందట.

"ఎక్కడ తెరుచుకుంటుంది?"

"స్కూలు దగ్గర."

"ఇంటి దగ్గర?"

"ఎప్పుడూ లేదు."

"సాయంత్రాలు?"

"లేదండి. పొద్దున పాపని దించాకే. నాకేమో ఆఫీసుకి టైమైపోతుంటుంది."

నేను మీటరు పెట్టి వైర్లన్నీ చూశాను. ఎక్కడా లోపం లేదు. పిన్ని పాపను వ్యాను వెనక్కి తీసుకెళ్లి, పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏం అడ్డం పెడుతున్నావు తల్లీ?"

"నీళ్ల సీసా." ఏదైనా అడ్డొస్తే అలాంటి తలుపు మూసుకోకుండా దానంతటదే వెనక్కి తెరుచుకుంటుంది.

"ఎందుకు?"

"తలుపు తెరుచుకుంటే అమ్మ వెనక్కి తిరిగి చూస్తుంది."

పిన్ని ఆ పిల్ల తల నిమిరి లేచింది. తల్లి దగ్గరికెళ్లి, "కొన్నాళ్లు మీట వాడకండి. స్కూలు దగ్గర మీరే దిగి, తలుపు చేత్తో వెయ్యండి. పాప గేటు దాటాకే బండి తియ్యండి" అంది.

"గేటుకీ తలుపుకీ ఏంటండీ సంబంధం?"

"కొన్ని బళ్లంతే."

నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది.

రెండు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది.

"పాప చెప్పేసింది లెండి" అంది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ, "తలుపు మళ్లీ తెరుచుకుందా?" అంది.

"లేదండి. ఇప్పుడు పాపే నన్ను తరుముతోంది. 'ఇక వెళ్లమ్మా, మా ఫ్రెండ్స్ చూస్తున్నారు' అని."