ఒక్కరికి తప్ప అందరికీ చెప్పాను

మా ఆడబిడ్డ పోయింది. మంగళవారం పొద్దున టీ తాగడం అయ్యాక కప్పు పక్కన పెట్టి, "ఇయ్యాల చక్కెర తక్కువైంది మరదలా" అంది. నేను డబ్బా తీసుకుని వచ్చేసరికి కుర్చీలోనే వెళ్ళిపోయింది. ఆరోపణ చేసి జవాబు వినకుండా పోవడం ఆమె పద్ధతి కాదు. అందుకని చెంచా చేత్తో పట్టుకుని, ఇంకా ఏదో అంటుందని కొంతసేపు ఆమె ముందే నిలబడ్డాను. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. ఫోన్లు చేసే పని నా మీద పడింది. బర్కత్‌పురలో చుట్టాలకు, గాంధీనగర్‌లో ఆమెతో పనిచేసిన లెక్చరర్లకు, అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉన్న పిల్లలకు చెప్పాను. ఒక్కరికి తప్ప అందరికీ చెప్పాను.

నారాయణగూడలో సంతాపసభ పెట్టారు. వేదిక మీద మాట్లాడినవాళ్ళంతా "ఆమె చూపిన బాటలో నడుద్దాం" అన్నారు. ఆ బాట ఎటు పోతుందో ఒక్కరూ చెప్పలేదు. నన్ను మాట్లాడమనలేదు, నా నోటి సంగతి నిర్వాహకులకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె మావారి అక్క. పెళ్ళి చేసుకోలేదు. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైంది. మా చిక్కడపల్లి ఇంట్లో కింద ఆమె, పైన మేము. ఆడబిడ్డతో ఒకే గేటు పంచుకుని ఇన్నేళ్ళు ఎలా నెగ్గావని నన్ను అడిగినవాళ్ళున్నారు. నెగ్గలేదు. మా ఇంట్లో వాదన అయిపోవడమంటే మర్నాటికి వాయిదా పడటమే.

రిటైరయ్యాక ఆమెకు కొత్త పని దొరికింది. సివిల్స్ రాత పరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూకు ఢిల్లీ పోవాల్సిన పిల్లలు ఒకరిద్దరు వచ్చి "మేడం, జర ప్రాక్టీసు చేయిస్తరా?" అన్నారు. ఒకరి వెనుక ఒకరు ఏటా రావడం మొదలైంది. ఆమె కింది హాల్లో బల్ల వేసి, అటువైపు ఒక్క కుర్చీ వేసి, ఇంటర్వ్యూ బోర్డు తయారుచేసింది. ఇక సభ్యులు కావాలి. పైకి వచ్చి నాతో, "చదువుకున్నదానివి. నోరున్నదానివి. రెండూ వంటింట్ల పాడైతున్నయ్. కిందికి రా" అంది. నేను చరిత్రలో ఎం.ఏ. చేశాను, పెళ్ళితో ఆ చరిత్ర ముగిసింది. మళ్ళీ నా నోటికి గౌరవప్రదమైన ఉద్యోగం ఇప్పించింది ఆమే. పిల్లలకు ఆమె మేడం, నేను అమ్మమ్మ. బోర్డులో గయ్యాళి సభ్యురాలి పాత్ర నాది. పిల్లలకు కోపం తెప్పించే ప్రశ్నలు వేయాలి. అందుకు నేను పెద్దగా తయారు కావాల్సిన అవసరం రాలేదు.

ఆమె నేర్పిన మొదటి పాఠం జవాబు చెప్పడం కాదు. తెలియదని చెప్పడం. కుర్చీలో కూర్చోగానే ఎవరికీ తెలియనిదేదో అడిగేది. పిల్లవాడు నీళ్ళు నమిలి, "అంటే మేడం, ఒక విధంగా చూస్తే..." అని మొదలుపెట్టేవాడు. "ఏ విధంగ చూసినా నీకు తెల్వదు. తెల్వదు అను. మర్యాదగ అను, మెల్లగ అను, కానీ అను" అనేది. కొందరికి ఆ ఒక్క మాట నోట రావడానికి వారం పట్టేది.

ఫలితాలు వచ్చిన రోజు మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పేరు రానివాళ్ళు పొద్దున్నే రావాలి. పేరు వచ్చినవాళ్ళు చీకటి పడ్డాక రావాలి. ఒకసారి ర్యాంకు వచ్చిన పిల్లవాడు ఆగలేక పొద్దున్నే మిఠాయి డబ్బాతో గేటు తీశాడు. "ఎవరిది తొందర? నీకు ఇయ్యాల ఊరంత చుట్టమే. లోపల కూసున్నోళ్ళకు నేనొక్కదాన్నే. సాయంత్రం రా" అని వెనక్కి పంపింది. ఆ పిల్లవాడే ఇప్పుడు పెద్ద ఆఫీసరు. సంతాపసభలో బాట గురించి మాట్లాడినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఈ ముచ్చట చెప్పి ఉంటే బాగుండేది.

నిజం విషయంలో ఆమె ఇంట్లోవాళ్ళకూ మినహాయింపు ఇవ్వలేదు. మావారు జబ్బుపడ్డప్పుడు, ఆయనకు చెప్పొద్దు, బెంగపెట్టుకుంటారని డాక్టర్లు అన్నారు, మేమంతా తలలూపాం. ఆమె మంచం మీద కూర్చుని, "తమ్మీ, ఇది తగ్గేది కాదంటున్నరు. నీకు చేసుకునే పనులున్నయా?" అని అడిగేసింది. నెల రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. మావారు మాత్రం మర్నాడే, ఏళ్ళుగా మాటల్లేని పాత స్నేహితుణ్ణి పిలిపించుకున్నారు. ఇద్దరూ సాయంత్రాలు క్యారమ్స్ ఆడుతూ, నువ్వు తొండి అంటే నువ్వు తొండి అని అరుచుకుంటూ గడిపారు. ఆ సాయంత్రాలను నేను ఆయనకు ఇవ్వగలిగేదాన్ని కాదు. వాళ్ళక్క ఇచ్చింది.

ఇక ఆ ఒక్కరి సంగతి.

ఈ ఏడు వచ్చినవాళ్ళలో జగిత్యాల దిక్కు పిల్ల ఒకర్తె ఉంది. తెలుగులో పరీక్ష రాసి, మూడో ప్రయత్నంలో ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఇక ఇంట్లో ఆగరు. ఈసారి కాకపోతే పెళ్ళి చేస్తామని తేల్చేశారు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. మొదటి రోజే నేను నా పాత్రకు తగ్గట్టు, "కలెక్టరువైతే పొగాకు మాన్పిస్తనంటివి. మరి మీ అమ్మ పొయ్యి ఎట్ల వెలుగుతది?" అన్నాను. పిల్ల గొంతు పూడుకుపోయింది, ఏడ్చేసింది. నేను నీళ్ళ గ్లాసు కోసం లేవబోతే మా ఆడబిడ్డ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏడ్వు బిడ్డా. అయినంక జవాబు చెప్పు. బోర్డు యాడికీ పోదు" అని, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. పిల్ల ముక్కు చీదుకుని చెప్పిన జవాబు బాగుంది. కానీ కదిలిపోతే గొంతు పూడుకుపోయే ఆ అలవాటు పూర్తిగా పోలేదు. అదే అందరి భయం.

ఆ మంగళవారం సాయంత్రమే ఆ పిల్లకు కాచిగూడలో ట్రైను. శుక్రవారం ఢిల్లీలో ఇంటర్వ్యూ.

తొమ్మిదికల్లా పిల్లలంతా వచ్చేశారు. కుర్చీలు జరిపి, బల్ల గోడకు ఆనించి, మా ఆడబిడ్డను అదే హాల్లో పడుకోబెట్టాం. పాత విద్యార్థి ఒకతను, ఇప్పుడు డిప్యూటీ తహసీల్దారు, బాధ్యతంతా నెత్తిన వేసుకున్నాడు. సర్కారు ఉద్యోగం వచ్చాక ఏ సంగతినైనా ముందు తొక్కిపెట్టి తరువాత ఆలోచించడం అలవాటవుతుంది కాబోలు.

"అమ్మమ్మా, ఆ పిల్లకు చెప్పకుండ్రి. మేడంకు జరమొచ్చింది, ఎవ్వర్ని కలుస్తలేదని చెప్పినం. చార్జింగ్ పెడతమని ఫోను గుంజుకున్నం. వచ్చినంక మెల్లగ చెప్పుకోవచ్చు."

"మూడు రోజులు ఫోను చార్జింగు పెడతరా?"

"ఆమెకు ఇదే ఆఖరు చాన్సు, అమ్మమ్మా. తెలిస్తే గొంతే లేవదు."

ఆ మాట కాదనలేకపోయాను. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టే అందరికీ ఫోన్లు చేస్తూ ఆమె పేరు దగ్గర వేలు ఆపాను.

పదకొండింటికి గల్లీ మొగ దగ్గర, చౌరస్తాలో, ఫ్లెక్సీ లేచింది. మన దగ్గర పుట్టినరోజైనా చావైనా ఫ్లెక్సీ కట్టకపోతే జరిగినట్టు కాదు. మా ఇంటి ముందు నుంచి కూడా కనబడేంత పెద్దది. పైన మా ఆడబిడ్డ, వెనుక సూర్యోదయం. "అక్షర సూర్యురాలికి అశ్రునివాళి." విశేషణం కనబడితే ఎర్ర పెన్ను తీసే మనిషి. కింద వరసగా పిల్లల ఫొటోలు, అన్నీ హాల్‌టికెట్టు ఫొటోలే. నేను చత్వారం కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి పోయి చూశాను. ఆ వరసలో మధ్యన జగిత్యాల పిల్ల కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో ఉన్న ఫొటోలన్నీ ఎత్తి ప్రింటింగుకు ఇచ్చారట. చావు కబురు తెలియని పిల్ల, చౌరస్తాలో అశ్రునివాళి ఘటిస్తోంది.

"దీన్ని చూడకుండ కాచిగూడకు ఎటు నుంచి పంపుతవు నాయనా? ఆకాశం నుంచా?"

డిప్యూటీ తహసీల్దారు ముఖం తెల్లబోయింది. "ఇప్పుడే దింపిస్త" అని నిచ్చెన కోసం పరిగెత్తాడు.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి నా ఫోను మోగింది. తెలియని నంబరు. చుట్టాలెవరో అనుకుని ఎత్తాను.

"అమ్మమ్మా, నేను. వార్డెనక్క ఫోనుతోని చేస్తున్న. మేడంకు జరం ఎట్లుంది? ఒక్కసారి మాట్లాడిస్తరా? లేవలేకపోతే చెవికాడ పెట్టుండ్రి చాలు. నేనే మాట్లాడుత."

నేను హాలు గుమ్మంలో నిలబడ్డాను. దీపం వెలుగుతోంది. ఎవరో అగరొత్తులు మార్చుతున్నారు. పిల్లలంతా నా ముఖమే చూస్తున్నారు. ఫోనులో ఎవరో వాళ్ళకు అర్థమైంది. ఒక పిల్ల రెండు చేతులూ జోడించి, చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది. "పండుకుంది" అంటే చాలు. అందులో సగం నిజం కూడా ఉంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"అమ్మమ్మా? ఇనబడుతుందా?"

"ఇనబడుతుంది బిడ్డా. మేడంకు జరం లేదు. పొద్దున పోయింది."

అవతల హాస్టల్లో ఎవరిదో కుక్కరు కూత వినిపించింది. ఫోను పెట్టేసిన చప్పుడు కూడా కాలేదు. ఎవరో పోయి చెబితే డిప్యూటీ తహసీల్దారు నిచ్చెన మీద నుంచే, "ఎంత పనిచేసిన్రు అమ్మమ్మా!" అని అరిచాడట. నాకు వినబడలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పిల్ల బతుకు నా చేత్తో నేనే కిందపడేశానేమో అని గంటసేపు గేటు వైపే చూశాను.

గంట తరువాత పిల్ల వచ్చింది. భుజాన ప్రయాణం సంచి, కాళ్ళకు హాస్టలు చెప్పులు. గల్లీ మొగలో ఫ్లెక్సీ ఒక మూల ఊడి, మా ఆడబిడ్డ ముఖం పక్కకు వాలి వేలాడుతోంది. దాని కింద నుంచే నడిచి వచ్చింది. హాల్లోకి వచ్చి మా ఆడబిడ్డ పాదాల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. తరువాత తల ఎత్తి తోటివాళ్ళ వైపు చూసింది.

"పొద్దటి నుంచి నన్ను ఉల్టా సీదా తిప్పిన్రు. జరమన్నరు. చార్జింగన్నరు."

"నీ మంచికే చెల్లే," అన్నాడు డిప్యూటీ తహసీల్దారు.

"మేడం ఎన్నడన్న నా మంచికి అబద్ధం చెప్పిందా అన్నా?"

పిల్ల నా వైపు తిరిగింది. "నేను పోను అమ్మమ్మా. మేడం లేకుంటే నాతోని కాదు."

"ఉన్నా ఢిల్లీ దాకా వచ్చేది కాదు. ట్రైను బాత్రూములంటే ఆమెకు అసహ్యం" అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

దాదాపు నవ్వబోయింది, మధ్యలో ఆగిపోయింది. "ఆడ కూసున్నంక యాదికొస్తే? గొంతు పూడుకపోతే? అప్పుడెట్ల?"

ఏం చెప్పాలి? ధైర్యంగా ఉండు, మేడం పైనుంచి చూస్తుంది, ఇలాంటి మాటలు ఆ హాల్లో అప్పటికి చాలా తిరుగుతున్నాయి. ఒకటి అందుకుని ఇచ్చేస్తే సరిపోయేది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను.

పిల్ల గోడకు ఆనించిన బోర్డు బల్ల వైపు చూసింది. గొంతు సవరించుకుని లేచింది. "పైన స్నానానికి నీళ్ళున్నయా?" అని అడిగింది.

బర్కత్‌పుర నుంచి వచ్చిన మా చిన్నత్త ముక్కు మీద వేలేసుకుంది. "శవం లేవకముందే స్నానమా? మైలింట్ల నుంచి నేరుగ నౌకరీకి పోతదా? ఏం మంచిగైతది?" పిల్లను పైకి పంపి, చిన్నత్తకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. నోట్లో గ్లాసు ఉన్నంతసేపు శకునాలు ఆగుతాయి.

మూడున్నరకు వైకుంఠ రథం గల్లీలోకి వచ్చింది. మా అబ్బాయి కుండ పట్టుకుని ముందు నడిచాడు. మా ఆడబిడ్డను ఎక్కించారు. పిల్ల తలస్నానం చేసి, ఇంటర్వ్యూకని ఇస్త్రీ చేసిపెట్టుకున్న చీరను సంచిలోనే ఉంచి, మామూలు చుడీదార్‌లో కిందికి దిగింది. గేటు దగ్గర ఆటో ఆగి ఉంది.

చావింటి నుంచి పోయేవాళ్ళు చెప్పి పోరు. మళ్ళీ వస్తామంటే మరో చావుకు వచ్చినట్టని మనవాళ్ళ భయం. అందుకే అందరూ మౌనంగా జారుకుంటారు. ప్రయాణం పోయేవాళ్ళేమో చెప్పకుండా పోకూడదు. గేటు దగ్గర ఆడవాళ్ళంతా గోడ వారగా నిలబడి చూస్తున్నారు. పిల్ల ఆటోలో కాలు పెట్టి, ఆగి, దిగి, నా దగ్గరికి వచ్చింది.

"పోయొస్త అమ్మమ్మా," అంది. గొంతు స్పష్టంగా ఉంది.

చిన్నత్త చప్పున చెవులు మూసుకుంది.

"పోయిరా బిడ్డా," అన్నాను.

ఇంటర్వ్యూ అయ్యింది. ఎలా చేసిందో నేను అడగలేదు, ఫలితాలు ఇంకా రాలేదు. మా ఆడబిడ్డ చూపిన బాట ఏదని ఎవరైనా అడిగితే, నాకు తెలిసినంతలో, ఆ రోజు మా గల్లీలో కనబడిందే అది. ముందు రథం, బంతిపూల దండలతో, మెల్లగా. దాని వెనుకే ఆటో. గల్లీ ఇరుకు, దాటిపోవడానికి దారి లేదు, ట్రైనుకు టైమవుతోంది. అయినా ఆటో అతను హారన్ మీద చేయి వేయలేదు. పిల్ల తడి జుట్టు సీటు వెనక్కి వేసుకుని నిటారుగా కూర్చుంది. జుట్టు చివర్ల నుంచి కారిన నీళ్ళు గల్లీ పొడవునా సన్నటి గీతలా పడ్డాయి. ఎండకు ఆ గీత మా గేటు వైపు నుంచి ఆరుతూ పోయింది.