తక్కువ మార్కుల వాళ్ల అక్క

పొద్దున వార్డులో రౌండ్స్ నడుస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మెదక్ బస్టాండ్ కాడి నెట్ సెంటర్ అక్క లేదూ, ఆమె పోయింది" అన్నాడు. డెంగీ అట. వారం రోజులుగా జ్వరం ఉన్నా దుకాణం మూయలేదట. మెడికల్ కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌కు ఆఖరి తేదీ దగ్గర పడింది, పిల్లలు వస్తున్నారు, అది అయిపోయాక దవాఖానకు పోతానందట. తేదీ అయిపోయింది. మర్నాడు తీసుకుపోయేసరికి పరిస్థితి చేయి దాటిపోయింది.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలని నాకూ తెలుసు. కానీ కోపంగా ఉంది. మొదటి కోపం ఆమె మీదే. నేను హౌస్ సర్జన్‌ని, నా నంబరు ఆమె ఫోన్‌లో ఉంది. జ్వరమని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే రక్తపరీక్ష చేయించుకునేదాకా ప్రాణం తీసేదాన్ని. మా ఎవ్వరికీ తేదీ దాటనివ్వని మనిషి తన సంగతి వచ్చేసరికి వాయిదా వేసుకుంది. దీన్ని మంచితనం అని పొగడడం నా వల్ల కాదు.

ఆమె మాకు చుట్టం కాదు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకు ఆనించిన బెంచీ, అదీ ఆమె సెంటర్. మాది హవేలిఘనపూర్ పక్క ఊరు, ఏ దరఖాస్తు పెట్టాలన్నా మెదక్ రావలసిందే. నీట్ రాసిన పిల్లలకు మిగతా సెంటర్లంటే భయం. అక్కడ కూర్చున్న అబ్బాయి మార్కుల కాగితం తీసుకుని పైకి చదివేవాడు. వెనక ఆధార్ కోసమో, కులం సర్టిఫికెట్ కోసమో నిలబడ్డవాళ్లంతా వినేవాళ్లు. "గీ మార్కులకు డాక్టర్ సీటా?" అని ఒకరు అననే అంటారు. పొద్దు గూకేలోపు ఆ మాట ఊరు చేరుతుంది.

అక్క దగ్గర ఆ బాధ లేదు. మానిటర్‌ను మూలకు తిప్పి, మనల్ని ఆ మూలన కూర్చోబెట్టి, కీబోర్డు ముందుకు జరిపేది. "మార్కులు నువ్వే కొట్టు బిడ్డా" అని తను వెనక్కి తిరిగి ప్రింటర్‌లో కాగితాలు సర్దుకునేది. ఎవరైనా మెడ చాచి చూస్తే మాత్రం ఊరుకునేది కాదు. "ఏందన్నా, నీ కార్డు నేను అందరికి సూపిస్తున్ననా? జర అవతల కూసో" అని గద్దించేది. చాచిన మెడ వెనక్కి లాక్కుని ఆ మనిషి బెంచీ చివరికి జరిగేవాడు.

నేను మొదటిసారి రాసినప్పుడు అర్హత మార్కు దాటాను, అంతే. మా కోచింగ్ సార్ నా స్కోరు చూసి క్లాసు మొత్తం ముందు నవ్వాడు. "గీ మార్కులతోని అప్లై చేస్తవా? మన సెంటర్ ఇజ్జత్ తీస్తవా ఏంది? సప్పుడు చెయ్యక ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌ల కూసో" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే బాపు కూడా ఆయన మాటే పట్టుకున్నాడు. "సార్లకు ఎరుక లేదా బిడ్డా? మళ్లేడు మంచి మార్కులు తెచ్చుకోని పెడితె ఏమైతది?" అన్నాడు. నాకూ అదే సుఖమనిపించింది. అప్లై చేయకపోతే రాలేదనే మాట పడక్కర్లేదు.

ఆఖరి రోజు అక్కే ఫోన్ చేసింది. నా పరీక్ష ఫారం నింపింది ఆమే కాబట్టి నేను రాలేదని గుర్తుపట్టింది.

"మళ్లేడు పెడతనక్కా."

"మళ్లేడు సదువు, ఎవలు వద్దన్నరు? సదువుడు వేరే, అప్లై చేసుడు వేరే. పెట్టినంక సీటు రాకపోతె అది వాళ్ల మాట. పెట్టకపోతె అది నీ మాట."

"సిగ్గైతుందక్కా."

"ఎవల ముంగట? కంప్యూటర్‌కు నవ్వుడు రాదు."

వస్తానని చెప్పాను. పోలేదు. సాయంత్రం దాకా నా కోసం ఆ మూల కుర్చీ ఖాళీగా ఉంచిందని తర్వాత తెలిసింది.

రిజిస్ట్రేషన్ చేయనివాళ్లకు తర్వాతి రౌండ్లలో చోటుండదు. ఆఖరి రౌండ్ జాబితా వచ్చిన రోజు కోచింగ్ హాస్టల్లో ఒకరి ఫోన్‌లో చూశాను. మా కేటగిరీలో ఆఖరి సీటు నాకన్నా తక్కువ మార్కులున్న అమ్మాయికి వచ్చింది. మళ్లీ మళ్లీ చూశాను. ఆ అమ్మాయి చేసిందల్లా అప్లై చేయడమే. సార్‌ను అడిగితే "గీసారి కిందికి దిగింది, మనకేం తెల్సు?" అన్నాడు. ఎలా తెలియదు? ఏటా అదే పని చేసే మనిషికి ఆఖరి రౌండ్లలో ర్యాంకులు ఎంత కిందికి దిగుతాయో తెలియదా? తెలుసు. పిల్లలు సీటు తెచ్చుకుని వెళ్లిపోతే ఆయన లాంగ్ టర్మ్ బెంచీల మీద కూర్చునేదెవరు? నా ఏడాదిని ఆయన నవ్వుతూ తినేశాడు. దాన్ని పళ్లెంలో పెట్టి ఇచ్చింది నేనే.

అక్క ఒక్క మాట దెప్పలేదు. మెదక్ వచ్చినప్పుడు ఆ బెంచీ మీద కూర్చుని ఏడిస్తే, చాయ్ తెప్పించి పక్కన పెట్టింది. "ఏడ్సుడు అయినంక తాగు. సల్లారుతది" అంది. ఆ ఏడాదంతా అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

మరుసటి ఏడు చచ్చీచెడీ చదివితే మార్కులు కాస్తే పెరిగాయి. మళ్లీ అదే నవ్వు, మళ్లీ అదే సలహా. ఈసారి నోటిఫికేషన్ వచ్చిన రోజే అక్క ఫోన్. "రేపు పొద్దుగాల మొదటి బస్సెక్కు. సర్టిఫికెట్లు అన్ని తే. బాపును గూడ తోల్కరా, నేను మాట్లాడత." బాపు వచ్చాడు. ఆమె ఆయనకు కుర్చీ వేసి, "పెద్దన్నా, మీ బిడ్డ సదువు ఆపుమంటలేను. ఇత్తనం ఏసినంకనే వాన కోసం సూస్తరు గద మీరు? గిది గంతే" అంది. బాపు సంచిలోంచి నా సర్టిఫికెట్లు తీసి ఆమె చేతికిచ్చాడు.

కాలేజీల వరుస పెట్టేటప్పుడు నేను పెద్ద పేర్లన్నీ వదిలేశాను. నా ర్యాంకుకు అవి పెట్టడం తలబిరుసనిపించింది. అక్క కస్సుమంది. "నువ్వే నిన్ను కొట్టేసుకుంటె ఇగ వాళ్లకేం పని? నీకు ఇష్టమైంది మొదలు పెట్టు. ఆఖరుకు దూరంది గూడ పెట్టు, ఒక్కటి గూడ ఇడువకు." మొదటి రౌండ్లో రాలేదు, రెండో రౌండ్లో రాలేదు. మూడో రౌండ్లో జాబితా అడుగున నేను పేరు కూడా సరిగా పలకలేని ఊరి కాలేజీలో వచ్చింది. ఆ వారమే కోచింగ్ సెంటర్ వాళ్లు మెదక్ బస్టాండ్ దగ్గర కట్టిన ఫ్లెక్సీలో నా ఫొటో వేశారు. పక్కన మార్కులు వేయలేదు. ఫ్లెక్సీలో ఉండాల్సిన మనిషి అక్కడికి నాలుగు దుకాణాల అవతల ఎవరిదో బర్త్ సర్టిఫికెట్ ప్రింట్ తీస్తోంది.

సెలవు పెట్టి మధ్యాహ్నానికి మెదక్‌లో అక్క ఇంటికి చేరాను. చర్చి అయ్యగారి ప్రార్థన అయిపోయింది, శవపెట్టె ఇంకా ఎత్తలేదు. షామియానా కింద నా ఈడువాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. ఒకమ్మాయి సంచిలోంచి తెల్లకోటు అంచు కనబడుతోంది. ఒకబ్బాయి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకరికొకరం తెలియదు, కానీ ఎవరం ఎందుకొచ్చామో చూస్తూనే తెలిసిపోయింది. వెనక కుర్చీల్లో మా సార్ కూడా ఉన్నాడు.

అక్క తల్లి ఒక్కొక్కరి చేయి పట్టుకుని అడుగుతోంది. "నువ్వెవలు బిడ్డా? నా బిడ్డ నీకెట్ల ఎరుక?"

"మాది శంకరంపేట అవ్వా. జిరాక్సుకు వస్తుంటి" అన్నాడు ఆ అబ్బాయి.

తెల్లకోటు అమ్మాయి కూడా జిరాక్సే అంది. ఆ తర్వాతి వాళ్లూ అదే. నాకు ఒళ్లు మండిపోయింది. సీటొచ్చి, సగం డాక్టర్లయి, ఆమె పెట్టె ముందు నిలబడి కూడా తక్కువ మార్కులని చెప్పుకోవడానికి ఇంకా సిగ్గేనా? నలుగురిలో కడిగేద్దామనుకున్నాను. అంతలో ఆ ముసలి చేయి నా చేయి పట్టుకుంది. సార్ ఇటే చూస్తున్నాడు.

"జిరాక్సుకు వస్తుంటి అవ్వా" అన్నాను.

ఆమె మా అందరి ముఖాలూ ఇంకోసారి చూసింది. "జిరాక్సులకే గింతగనం ఏడుస్తున్నరా బిడ్డా?" అంది. నా చేయి వదలకుండా, జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడింది.