సోలెడు తక్కువ మానెడు తవుడు

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే, ఆమె పొద్దున ఏమైనా తిన్నదా అని ముందు అడిగే మనిషిని. కన్యాస్త్రీగా ఇన్నేళ్లు గడిపినా ఆ తత్వం మారలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి నాకే విసుగ్గా ఉంది. కానీ ఆ రోజు నన్ను అబద్ధాలకోరు అన్నారు. ఆ మాట నాకింకా అరగలేదు.

చెన్నపట్నం ప్రభుత్వం రోజులవి. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మాది కంభం చెరువు కింద ఒక పల్లె. పద్దెనిమిదేళ్లప్పుడు మఠంలో చేరతానని అర్జీ పెట్టుకున్నాను. జవాబు వచ్చింది. తల్లిదండ్రుల పేర్లతో జ్ఞానస్నాన పత్రం, విచారణ స్వామి చేతి ఉత్తరం ఈస్టరు పండుగలోగా తేవాలి.

విచారణ గుడి, అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పెద్దగుడి, మాకు ఆరు మైళ్లు. అక్కడి స్వామి దూరదేశపు మనిషి, కొత్తగా వచ్చారు, తెలుగు వచ్చీరాదు. జ్ఞానస్నానాల పుస్తకం తీసి నా పేరు మీద వేలు పెట్టి ఆగిపోయారు. పేరు మార్తమ్మ. తల్లి రాయమ్మ, విధవరాలు. తండ్రి పేరు దగ్గర ఖాళీ.

తండ్రి పేరు లేని పిల్లను మఠంలో చేర్చుకోరట.

అసలు జరిగిందేమిటంటే, నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. అలాంటి ఇళ్లలో కొత్తగా పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పొరుగింటామెకు తవుడుకు అమ్మేవారు. చావు వెతుక్కుంటూ వచ్చినా, ఈ బిడ్డ ఈ తల్లిది కాదని తిరిగి వెళ్లిపోవాలి. నన్ను కొన్నది పక్కింటి రాయమ్మ పెద్దమ్మ. అందుకే ఇంట్లో నా పేరు తవుడమ్మ. జ్ఞానస్నానం నాడు ఎవరి బిడ్డ అని గుడి పుస్తకం రాసే ఉపదేశి అడిగితే, మా అమ్మ గుడిలో నిలబడి "నాది కాదు, రాయమ్మది" అన్నది. ఉపదేశి పొరుగూరివాడు. అన్నది అన్నట్టు రాసుకున్నాడు.

ఇదంతా స్వామికి చెప్పాను. మా నాయన కూడా వచ్చి చెప్పాడు. స్వామి ఒప్పుకోలేదు. కన్నతల్లి వచ్చి తన నోటితో చెప్పాలన్నారు. రాయమ్మ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక మా అమ్మ. ఒక్కనాడూ నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి కాదు.

"ఒక్క మాటే గదమ్మా!"

"ఆ ఒక్క మాటే పద్దెనిమిదేండ్లు నోట్లో పట్టుకున్నా. ఇప్పుడు కక్కమంటావా?"

"నేనేమన్నా చంటిపిల్లనా, చచ్చేదానికి?"

"ఏందే ఆ పాడు మాటలు! మఠం లేకుంటే పాయె, మనిషివి ఉండావు గదా."

నాయన తలపాగా విప్పి నవ్వాడు. "కొన్న మనిషి పైకి పోయింది. అమ్మిన మనిషి నోరు తెరవదు. నిన్ను ఏ సంతలో విచారించాల్నో నాకు తెలీడంలేదు తల్లీ."

నాలుగు సార్లు తిరిగాను. నాలుగోసారి మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టి, ఈరోజు కాదు పొమ్మన్నారు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఐదోసారి వెళ్లేసరికి స్వామి నవ్వుతూ ఎదురొచ్చారు. ముందురోజు పొద్దున, పూజ అయ్యాక, రాయమ్మ వచ్చి సాక్ష్యం చెప్పి వేలిముద్ర వేసి పోయిందట. కాగితం చూపించారు. తనకు అర్థం కాని మాటలు కూడా విన్నవి విన్నట్టు రాసుకున్నారు. సోలెడు అంటే ఏమిటని నన్నే అడిగారు. మానెడులో నాలుగో వంతని చెప్పాను.

అందులో ఇట్లా ఉంది: "మానెడు తవుడని చెప్పి సోలెడు తక్కువ పోసినా. కొలత తప్పిన బేరం చెల్లదు. బిడ్డ శౌరమ్మదే."

శౌరమ్మ మా అమ్మ.

వచ్చిన మనిషి ఎట్లా ఉందని అడిగాను. పొట్టిగా ఉందని, ఎడమ చెవి తమ్మె తెగి ఉందని చెప్పారు. రాయమ్మ పెద్దమ్మ చెవి కమ్మను లేగదూడ లాగి తమ్మె తెగింది. ఎడమ చెవే.

ఊరుకుంటే పని అయిపోయేది. ఊరుకోలేకపోయాను. ఆమె గత్తరలో, వాంతులు భేదులతో, పోయి మూడేళ్లయిందని చెప్పాను. స్వామి ముఖం ఎర్రబడింది. దొంగసాక్షిని తెచ్చి గుడిని మోసం చేశామన్నారు. కాగితం మీద అడ్డంగా గీత కొట్టి నా మీదికి విసిరారు. అబద్ధాలకోరు అన్నది అప్పుడే. నిజం చెప్పినందుకు.

ఇంటికొచ్చి ఆ కాగితం అమ్మకు చదివి వినిపించాను. ఏడుస్తూ కాదు, అరుస్తూ. ఆమె కందులు చెరుగుతున్నది. సోలెడు తక్కువ అన్నచోట చాట చేతిలోనుంచి జారింది.

"అది నీకెవరు చెప్పినారు?"

కొలత తక్కువని ఆనాడే అమ్మ తిరిగి కొలిచి కనిపెట్టింది. అప్పుడు ఇంట్లో మరెవరూ లేరు. కొసరి అడిగితే బేరం చెడి బిడ్డ దక్కదని భయపడి, నాయనకు కూడా చెప్పలేదు. రాయమ్మతోనూ అనలేదు.

"చెయ్యి జారి తక్కువ పడిందనుకున్నా ఇన్నాళ్లు," అన్నది అమ్మ. "తెలిసే పోసింది, ముండ! చెల్లని బేరానికా నేను పద్దెనిమిదేండ్లు నోరు కట్టుకునింది?"

తెల్లవారి నాకంటే ముందు నడిచింది. స్వామి ముందు నిలబడి, "ఇది నా బిడ్డ. నేను కన్న బిడ్డ. రాసుకో సామీ" అన్నది. అని, నేనింకా నిలబడే ఉన్నానా అన్నట్టు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

ఆయన రాశారు. నాకు మాత్రం క్షమాపణ చెప్పలేదు.

గీత కొట్టిన కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. వేలిముద్ర సరిచూద్దామని రాయమ్మ కొడుకును అడిగాను. వాళ్లమ్మ బతికుండగా ఏ కాగితం మీదా వేలు పెట్టలేదన్నాడు. ఎవరో వేషం కట్టి వచ్చారని మఠంలో పెద్దవాళ్లు తేల్చేశారు. చెవికి వేషం కట్టవచ్చు. ఆ సోలెడు సంగతి ఎవరికి తెలుసు?

నన్ను తక్కువ కొలతకు కొన్నదని రాయమ్మ పెద్దమ్మ మీద ఇప్పటికీ కోపమే. ఆ సోలెడు కూడా పోసి ఉంటే, మా అమ్మ నోట నా బిడ్డ అన్న మాట నేను ఒక్కసారైనా వినేదాన్ని కాదు. అది తెలిసీ కోపమే.