మణెమ్మ సల్ఫేటు

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. మొగుడు బతికున్నన్నాళ్లు మణెమ్మ అక్కడే ఇటుకలు మోసింది. ఆయన పోయిన నెలకే మేస్త్రీ మొహం మీద చెప్పేశాడు: "ఆలుమగల జోడికే పని. ఒక్కదానివి నాకెందుకు?"

"నీ పనొద్దు, నువ్వొద్దు పో!" అని తట్ట అక్కడే విసిరికొట్టి, చందానగర్‌లో హరిత ఇంట్లో పనికి కుదిరింది. ఎన్నడో ఆగిపోయిన పదో తరగతి ప్రైవేటుగా రాస్తానని పంతం పట్టింది. కర్నూలు నుంచి వచ్చిన హరిత రోజూ అంట్లయ్యాక పాఠం చెప్పేది.

ఆ రోజు అల్యూమినియం సల్ఫేటు, సున్నపునీళ్లు కలిసే సమీకరణం. మణెమ్మ గంధకం వేరుగా, ఆక్సిజన్ వేరుగా లెక్కపెడుతోంది. రెండు పక్కలా పొసగడం లేదు. రాస్తోంది, కొట్టేస్తోంది.

"ఇది తేలేదాంక లేవనమ్మా," అంది పళ్లు బిగించి.

"సల్ఫేటును ముక్కలు చేయాకు మణెమ్మా," అంది హరిత. "అదంతా ఒకటే. ఇక్కడ అల్యూమినియంతో ఉండేది, బాణం దాటి కాల్షియంతో చేరింది, అంతే."

మణెమ్మ మళ్లీ చూసింది. ఎడమ పక్క సల్ఫేట్లు మూడు, కుడి పక్క ఒకటి. కుడి పక్క కాల్షియం సల్ఫేటు ముందు మూడు వేసింది. సున్నపునీళ్ల ముందూ మూడు, అల్యూమినియం హైడ్రాక్సైడు ముందు రెండు. సరిపోయింది.

కుడి పక్క సల్ఫేటు చుట్టూ గీత గీసింది.

"జోడి పోయింది గని, ఇది ఇరగలేదమ్మా," అని పేజీ తిప్పింది. "ఇంకో లెక్క ఇయ్యి."